తీర్పు పాఠకుడిదే

తెలుగు కథాసాహిత్యంలో పాత్రచిత్రణ బయటి వర్ణనతో మొదలై మనసులోకి చేరిందని అనడం పరిపాటి. ఆ మాట సగమే నిజం. పాత్ర మంచిచెడ్డలు తేల్చే పని కథకుడి నుంచి పాఠకుడికి చేరడమే అసలు మార్పు. వీరేశలింగం 1878లో మొదలుపెట్టిన ‘రాజశేఖర చరిత్రము’లో నాయకుడి గుణాలను రచయితే చెబుతాడు, అతను పొగడ్తలకు పొంగి ఆస్తి పోగొట్టుకోవడం ఆ మాటలకు రుజువుగా వస్తుంది. పాఠకుడు తేల్చవలసింది పెద్దగా మిగలదు. సంస్కరణ కోసం రాసిన నవలకు ఆ పద్ధతి తగినదే.

నాటకంలో కథకుడికి చోటులేదు. అందుకే గురజాడ ‘కన్యాశుల్కం’ దారి మార్చగలిగింది. 1909 నాటి రెండో కూర్పులో గిరీశం వితంతు వివాహాల మీద ఉపన్యాసాలు దంచుతూనే పూటకూళ్ళమ్మ సొమ్ముకు ఎసరు పెడతాడు. మాటకూ చేతకూ ఉన్న ఎడమే అతని గుట్టు విప్పుతుంది. మరుసటి ఏడే గురజాడ ‘దిద్దుబాటు’ కథలో చదువుకున్న గోపాలరావు ఆలస్యంగా ఇల్లు చేరి, భార్య కనబడక నౌకరు మీద చేయిచేసుకుంటాడు. చదువు వేరు, సంస్కారం వేరని ఆ దెబ్బతోనే తెలుస్తుంది. మొక్కపాటి ‘బారిస్టర్ పార్వతీశం’ (1924) ఇంకో అడుగు వేసింది. అందులో కథ చెప్పేది పార్వతీశమే. తన అమాయకత్వం తనకు తెలియదు, మనకు తెలుస్తుంది.

సంభాషణతో పాత్రను నిలబెట్టడం తిక్కననాడే ఉంది కదా అనవచ్చు. ఉంది. కానీ భారతంలోని ద్రౌపది, కీచకుడు ఎలాంటివారో శ్రోతలు ముందే ఎరుగుదురు. తిక్కన తెలిసినవారికి ప్రాణం పోశాడు. గిరీశం ముక్కూమొహం తెలియనివాడు, అతన్ని మాటల్లోంచే పోల్చుకోవాలి. ఇక గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, నవీన్ ‘అంపశయ్య’ (1969) మనసునే తెరిచి చూపాక ఊహకు పనేముందన్నది రెండో అభ్యంతరం. గోపీచంద్ నాయకుడు సీతారామారావు తన ఓటమికి తానే కారణాలు అల్లుకుంటాడు. వాటిలో ఏది నిజం, ఏది సాకు అన్నది మనమే తేల్చుకోవాలి. ‘అంపశయ్య’లో ఒక్కరోజులో రవి మనసులో సాగే ఆలోచనలూ అంతే. ఆలోచన కూడా సాక్ష్యమే, తీర్పు కాదు. పాత్ర ఎలాంటిదో తేల్చిచెప్పే రచయిత కంటే, తేల్చుకోవడానికి చాలినంత సాక్ష్యం ఇచ్చి తప్పుకునే రచయితే పాత్రకు ఎక్కువ ఆయుష్షు పోస్తాడు.