కడుపు పండితే చాలన్న వైద్యం

గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో రావీ వేపా కలిసిన చెట్టు కింద పసుపు పూసిన నాగశిలలు తరచూ కనిపిస్తాయి. పిల్లల్లేని దంపతులు మొక్కుకుని ప్రతిష్ఠించినవి వాటిలో చాలా ఉంటాయి. నాగులచవితికి పుట్టలో పాలు పోయడం, రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేయడం, పుట్టిన బిడ్డకు నాగేశ్వరరావనో నాగమణి అనో పేరు పెట్టడం ఈ పత్తి, మిరప ఊళ్లలో తరతరాల ఆచారం. ప్రదక్షిణలు భార్యవే, ఉపవాసం ఆవిడదే, గొడ్రాలన్న మాట పడేదీ ఆవిడే. ముట్టు ఏడాదికి మూడు నాలుగు సార్లే వస్తున్నా, గడ్డం కింద వెంట్రుకలు మొలుస్తున్నా అవి జబ్బు లెక్కలోకి రాలేదు. వెంట్రుకలకు పసుపు పట్టించారు. మెడ చుట్టూ నల్లచార పడితే మురికి అనుకుని సున్నిపిండితో రుద్దారు. చెట్టు దగ్గర్నుంచి ఆసుపత్రికి మారాక కూడా ఈ చూపు పెద్దగా మారలేదన్నదే నా వాదన. అండాశయాల పనితీరును దెబ్బతీసే పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్)ని బిడ్డ పుట్టడానికి అడ్డంకిగా చూశాం తప్ప, ఆ స్త్రీ జీవితాంతం మోసే జబ్బుగా చూడలేదు.

అమెరికా లూథరన్ మిషన్ తరఫున 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఇక్కడ ఆసుపత్రి తెరిచారు. తర్వాత దానికి ఆవిడ పేరే పెట్టారు. మగ వైద్యుడికి చెప్పుకోలేని బాధలు చెప్పుకోవడానికి ఈ ప్రాంతపు ఆడవాళ్లకు ఒక చోటు దొరికింది. అయితే కాన్పులో తల్లీబిడ్డా బతికి బయటపడటమే అప్పటి పెద్ద గండం. అండాశయాల తేడాను పోల్చుకునే శాస్త్రం ఇంకా లేదు. 1935లో షికాగో వైద్యులు స్టైన్, లెవెంతాల్ ఏడుగురు స్త్రీలను పరిశీలించి, ముట్టు ఆగిపోవడం, ముఖం మీద రోమాలు, ఉబ్బిన అండాశయాలు ఒకే జబ్బు లక్షణాలని రాశారు. అదే పీసీఓఎస్. అండాశయంలో ఒక ముక్క కోసి తీసేస్తే ముట్టు తిరిగొచ్చింది, కొందరికి కడుపొచ్చింది. ఆ కోతే వైద్యమైంది. 1960ల్లో క్లోమిఫెన్ మాత్ర వచ్చి కత్తి అవసరాన్ని తగ్గించింది. ఎందరి ఇళ్లలోనో ఉయ్యాల కట్టించిన మందు అది, దాన్ని తక్కువ చేయలేం. కానీ కత్తైనా మాత్రైనా గురి ఒక్కటే: అండం విడుదల కావాలి. అసలు మూలం చాలామందిలో ఇన్సులిన్ దగ్గరుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే ఒళ్లు దాన్ని ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. ఆ అదనపు ఇన్సులిన్ ప్రేరణతో అండాశయాలు మగ హార్మోన్లను ఎక్కువగా చేస్తాయి, అండం పెరిగే తిత్తులు సగంలోనే ఆగిపోతాయి. స్కానింగులో నీటిబుడగలని చూపించేవి ఆ ఆగిన తిత్తులే. సున్నిపిండికి లొంగని నల్లచార కూడా ఆ ఇన్సులిన్ ఆనవాలే.

‘మా అమ్మమ్మల కాలంలో ఈ జబ్బులెక్కడివి, పొలం పని మానేశాక వచ్చినవేగా’ అని కొందరంటారు. ఇందులో కొంత నిజముంది, కొంత లేదు. 1721లోనే ఇటలీ వైద్యుడు వాలిస్నేరి, పెళ్లయి పిల్లల్లేని ఒక పల్లెటూరి యువతి అండాశయాలు ఉబ్బి నిగనిగలాడుతున్నాయని రాశాడు. ఒళ్లు వంచి మిరపకాయలు కోసే మనిషికైనా, బక్కపలచని మనిషికైనా వంశపారంపర్యంగా ఇది రావచ్చు. మారింది దాని తీవ్రత. పల్నాట జొన్నకూడే గతి అని శ్రీనాథుడు వాపోయిన చాటువులు మనకు తెలిసినవే. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లో నీళ్లు పారి వరి పెరిగింది, 1983లో కిలో బియ్యం రెండు రూపాయలకే వచ్చాయి. ఆ బియ్యం పేదల ఆకలి తీర్చాయి, వాటిని తప్పుపట్టడం అన్యాయం. కానీ మూడు పూటలా పాలిష్ బియ్యం తింటూ ఒంటి శ్రమ తగ్గితే ఇన్సులిన్ మీద భారం పెరగక తప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. దేశం మొత్తం మీద ఇది 24 శాతం. పత్తి, మిరప చేలలో కొట్టే పురుగుమందులే కారణమన్న అనుమానమూ వినిపిస్తుంది. కొన్ని మందులు హార్మోన్లను చెదరగొడతాయి కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే, పీసీఓఎస్‌కి అవే కారణమని మాత్రం రుజువు కాలేదు.

ఇటీవలి చరిత్ర కూడా సంతానం చుట్టూనే తిరిగింది. లెట్రొజోల్ అనే మరో మందుని అండం విడుదలకు వాడొద్దని 2011లో కేంద్రం నిషేధించింది. పీసీఓఎస్ ఉన్నవారిలో క్లోమిఫెన్ కన్నా దానితోనే ఎక్కువ మంది బిడ్డల్ని కన్నారని 2014లో అమెరికాలో 750 మంది మీద జరిగిన పరిశోధన తేల్చింది. మన దేశంలో నిషేధం ఎత్తేసింది 2017లో. 2019 సెప్టెంబరులో తూర్పుగోదావరి జిల్లా నుంచి వచ్చిన 74 ఏళ్ల స్త్రీ గుంటూరు నర్సింగ్ హోమ్‌లో ఐవీఎఫ్ ద్వారా కవలల్ని కన్నారు. ప్రపంచమంతా వార్త అయింది. ఆ వయసులో ఒక స్త్రీ అంత ప్రమాదానికి సిద్ధపడిందంటే, పిల్లల్లేని ఆడదాన్ని మన సమాజం ఎంతగా నలిపిందో అర్థం చేసుకోవాలి. 2021లో వచ్చిన సంతాన సాఫల్య చికిత్సల చట్టం స్త్రీల వయోపరిమితిని 50 ఏళ్లుగా పెట్టింది.

పిల్లలు కావాలన్నది ఆ స్త్రీ కోరికే అయినప్పుడు వైద్యం దాన్ని తీర్చడంలో తప్పేముంది అని అడగవచ్చు. తీర్చడంలో తప్పు లేదు, అక్కడితో ఆగడంలో ఉంది. అధిక బరువున్నవారు అందులో అయిదు నుంచి పది శాతం తగ్గినా చాలామందికి అండం దానంతటదే విడుదలవుతుంది. అంటే మూలానికి చేసే వైద్యం కడుపు పండటానికీ పనికొచ్చేదే. మన దగ్గర జరిగేది వేరు. ముట్టు సరిగా రాని పద్దెనిమిదేళ్ల పిల్లకి ‘పెళ్లయితే అదే సర్దుకుంటుంది’ అంటారు. పెళ్లయ్యాక మాత్రలిస్తారు. ఇద్దరు పుట్టగానే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి అది అయిపోయింది. ఆ తర్వాత ఆమె ముట్టు గురించి అడిగేవారుండరు. నెలల తరబడి ముట్టు రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, ఆపైన రక్తస్రావం, పొర క్యాన్సర్ ముప్పు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం ఉంటే మన రాష్ట్రంలో 8.9 శాతం. ఇవన్నీ పీసీఓఎస్ వల్లనే అనడం లేదు; కానీ కనే పని అయిపోయాక గర్భసంచి ఎందుకనే ఆలోచన ఆ అంకె వెనక ఉందని నమ్ముతాను. పీసీఓఎస్ ఉన్న స్త్రీకి 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత రక్తంలో చక్కెర చూడాలని, ఏడాది నుంచి మూడేళ్లకోసారి మళ్లీ పరీక్షించాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకు సంతాన సాఫల్య కేంద్రం అక్కర్లేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసే సర్కారు ఆసుపత్రిలోనే చేయవచ్చు.