వాసాలోప్పెట్

వాసాలోప్పెట్ స్వీడన్‌లోని డాలర్నా ప్రాంతంలో ఏటా మార్చి మొదటి ఆదివారం జరిగే స్కీ పందెం. సేలెన్ దగ్గర మొదలై మూరా పట్టణంలో ముగిసే ఈ పందెం దూరం 90 కిలోమీటర్లు, అంటే రెండు మారథాన్ల కంటే ఎక్కువ. కొండ మీంచి జారుకుంటూ దిగే స్కీయింగ్‌కూ దీనికీ పోలిక లేదు. ఇక్కడ మంచు మీద ఎక్కుడైనా దిగుడైనా చదునైనా సొంత కాళ్లు, చేతుల బలంతోనే సాగాలి. 1922లో 119 మందితో మొదలైన పందెంలో ఇప్పుడు ఒక్కరోజే 15 వేల మందికి పైగా బయలుదేరుతారు. స్వీడిష్ భాషలో ‘లోప్’ అంటే పరుగు పందెం. ‘వాసా’ 16వ శతాబ్దపు రాజు గుస్తావ్ వాసా వంశం పేరు.

చారిత్రక నేపథ్యం

1520లో స్వీడన్‌ను లొంగదీసుకున్న డెన్మార్క్ రాజు రెండవ క్రిస్టియన్ ఆ నవంబరులో స్టాక్‌హోమ్‌లో పట్టాభిషేకం చేసుకున్నాడు. విందు వేడుకలు ముగిసిన వెంటనే తనను వ్యతిరేకించిన ప్రభువులను, మతాధికారులను, పట్టణ ప్రముఖులను పట్టించి 80 మందికి పైగా తలలు తీయించాడు. చరిత్రలో ఇది ‘స్టాక్‌హోమ్ రక్తపాతం’గా నిలిచింది. హతుల్లో గుస్తావ్ ఎరిక్సన్ (తర్వాతి గుస్తావ్ వాసా) అనే యువ ప్రభువు తండ్రి కూడా ఉన్నాడు.

అప్పటికే తలదాచుకు తిరుగుతున్న గుస్తావ్ డాలర్నా రైతులను తిరుగుబాటుకు కదిలించాలని మూరా చేరాడు. చర్చి దగ్గర జనంతో మాట్లాడాడు. వాళ్లు అతడి మాట నమ్మలేదు, సాయం చేస్తామని చెప్పలేదు. ఆశ వదులుకుని అతడు పశ్చిమాన నార్వే సరిహద్దు వైపు సాగిపోయాడు. ఆ తర్వాత రక్తపాతం కబురు మూరాకూ అందింది. అతడు చెప్పింది నిజమేనని తేలాక ఊరివాళ్లు లార్స్, ఎంగెల్‌బ్రెక్ట్ అనే ఇద్దరిని స్కీల మీద వెంట పంపారు. వాళ్లు సేలెన్ దగ్గర అతణ్ణి అందుకుని వెనక్కి తీసుకొచ్చారు. అక్కడ రాజుకున్న తిరుగుబాటు ఫలించి, 1523 జూన్ 6న గుస్తావ్ స్వీడన్ రాజుగా ఎన్నికయ్యాడు. ఆ తేదీనే స్వీడన్ జాతీయ దినంగా జరుపుకుంటోంది.

ఈ కథ చాలావరకు ఆ రాజుకు అనుకూలంగా బిషప్ పేడెర్ స్వార్ట్ రాసిన వృత్తాంతం మీద ఆధారపడింది. అందుకే చరిత్రకారులు దీన్ని ఆచితూచి చూస్తారు. పందెం దిశలో ఒక విశేషం ఉంది. మూరా నుంచి సేలెన్‌కు వెళ్తే అది గుస్తావ్ పారిపోయిన దారి. పందెం దానికి ఎదురు, సేలెన్ నుంచి మూరాకు సాగుతుంది. అంటే ఏటా వేలమంది నడిచేది ఊరు పిలిస్తే అతడు తిరిగొచ్చిన దారి.

తొలి పందెం

ఈ ఆలోచన ఆండర్స్ పేర్స్ అనే పత్రికా సంపాదకుడిది. 1922 ఫిబ్రవరి 10న ఆయన తన పత్రిక ‘వెస్ట్‌మన్లాండ్స్ లేన్స్ టీడ్నింగ్’లో ఈ పందెం జరపాలని ప్రతిపాదించాడు. మూరాలోని ఐఎఫ్‌కే మూరా క్రీడా సంఘం దాన్ని తలకెత్తుకుంది. ఆరు వారాలు తిరక్కుండానే, మార్చి 19న, పందెం జరిగిపోయింది. ఉత్తర స్వీడన్‌కు చెందిన 22 ఏళ్ల ఎర్న్‌స్ట్ ఆల్మ్ 7 గంటల 32 నిమిషాల 49 సెకన్లలో మూరా చేరి గెలిచాడు.

గెలిచినవారి మెడలో దండ వేసే ఆచారం మొదటి ఏడాదే పుట్టింది. దండ వేసే యువతిని ‘క్రాన్స్‌కుల్లా’ అంటారు. డాలర్నా మాండలికంలో ‘కుల్లా’ అంటే ఆడపిల్ల. ప్రాంతీయ సంప్రదాయ దుస్తుల్లో ఆమె ముగింపు గీత దగ్గర దండ పట్టుకుని నిలబడుతుంది. మంచు చాలక 1932, 1934, 1990 సంవత్సరాల్లో పందెం జరగలేదు.

మహిళలు

రెండో ఏడాది, 1923లో, మార్గిట్ నోర్డిన్ అనే వ్యాయామ శిక్షకురాలు పందెంలో దిగి 10 గంటల 9 నిమిషాల 42 సెకన్లలో పూర్తిచేసింది. ఆమె గమ్యం చేరినా, మరుసటి ఏడాది నుంచి మహిళలకు తలుపులు మూసేశారు. ఇంత దూరం ఆడవాళ్ల శరీరం తట్టుకోలేదన్నది ఆనాటి వాదం. ఈ నిషేధం అర్ధ శతాబ్దానికి పైగా సాగింది. మధ్యలో కొందరు మగవేషం వేసుకుని దొంగచాటుగా పందెం పూర్తిచేసిన సందర్భాలూ ఉన్నాయి. 1981లో మహిళలను తిరిగి అనుమతించారు. 1988లో వారి కోసమే 30 కిలోమీటర్ల ‘చేయ్‌వాసాన్’ మొదలైంది. ప్రధాన పందెంలో మహిళలకు వేరే పోటీ విభాగం మాత్రం 1997లో గానీ ఏర్పడలేదు. అందులో మొదటి విజేత స్వీడన్‌కు చెందిన సోఫియా లిండ్. మహిళా విజేతకు దండ వేయడానికి ఇప్పుడు ఒక యువకుడు ఉంటాడు.

మార్గం, పోటీ తీరు

బయలుదేరే చోటు సేలెన్ దగ్గరి బెర్యా అనే పల్లె. ఉదయం 8 గంటలకు అందరూ ఒకేసారి కదులుతారు. ముందు వరుసల్లో ఎవరుండాలో పాత పందేలలోని సమయాలను బట్టి నిర్ణయిస్తారు. మొదటిసారి వచ్చినవారు వెనక వరుసల్లో ఉంటారు. విశాలమైన మైదానంలో పక్కపక్కన ఉన్న పదుల జాడలు కాసేపటికే కొండ మొదట్లో ఇరుకవుతాయి. దాదాపు మూడు కిలోమీటర్ల ఆ ఎక్కుడులో వెనకబడ్డవాళ్లు తిరునాళ్ల జనంలా ఒకరి మడమల మీద ఒకరు నిలబడి, అడుగు తీసి అడుగు వేయాల్సి వస్తుంది. పక్కవాడి స్కీ కిందపడి చేతికర్ర విరిగేది ఎక్కువగా ఇక్కడే. దారిలో ఎత్తైన చోటు ఈ ఎక్కుడు దాటాక వస్తుంది. అక్కడి నుంచి మొత్తం మీద దారి దిగుడే అయినా మధ్యమధ్య మళ్లీ ఎక్కుళ్లు తగులుతాయి.

స్మోగాన్, మోంగ్స్‌బూదర్నా, రిస్‌బెర్గ్, ఎవెర్ట్స్‌బెర్గ్, ఓక్స్‌బెర్గ్, హోక్‌బెర్గ్, ఎల్డ్రిస్ దారిలోని ఏడు మజిలీలు. ఎవెర్ట్స్‌బెర్గ్ దాటితే సగం దూరం అయినట్టు. ప్రతి మజిలీకీ గడువు ఉంటుంది. గడువు దాటాక అడ్డంగా తాడు కడతారు. ఆ తర్వాత వచ్చినవారు బస్సెక్కాల్సిందే. మజిలీల్లో ఇచ్చే వాటిలో పేరుపడింది వేడి బ్లూబెర్రీ జావ. పిండిపదార్థంతో చిక్కబరిచిన ఈ తియ్యటి ఊదారంగు జావను నిలబడిన చోటే కాగితపు గ్లాసులో తాగి సాగిపోతారు.

పందెం పూర్తిచేసిన అందరికీ పతకం రాదు. విజేత సమయం కంటే సగం ఎక్కువ సమయంలోపు వచ్చినవారికే అది దక్కుతుంది. విజేత 4 గంటల్లో వస్తే 6 గంటల్లోపు చేరాలన్నమాట. మహిళలకు మహిళా విజేత సమయమే కొలమానం.

స్కీ మైనం, తోపుడు పద్ధతి

వాసాలోప్పెట్‌లో ‘క్లాసిక్’ పద్ధతి మాత్రమే చెల్లుతుంది. రెండు స్కీలూ మంచులో తీసిన సమాంతర జాడల్లో కదలాలి. స్కేటింగ్‌లా కాళ్లను పక్కలకు తన్నకూడదు. స్కీ మధ్యభాగం కొంచెం పైకి వంగి ఉంటుంది. అక్కడ అడుగున అంటుకునే మైనం రాస్తారు. బరువంతా ఒక కాలి మీద మోపినప్పుడు ఆ భాగం మంచును పట్టుకుంటుంది, మరో కాలు ముందుకు జారుతుంది. బరువు తీయగానే పట్టు వదిలేస్తుంది. మైనం తక్కువైతే ఎక్కుడులో కాలు వెనక్కి జారుతుంది, ఎక్కువైతే దిగుడులోనూ స్కీ ఈడ్చుకుంటుంది. తెల్లవారుజామున గడ్డకట్టి ఉన్న మంచు మధ్యాహ్నానికి తడిసిపోతే, పొద్దున సరిపోయిన మైనం సాయంత్రానికి పనికిరాదు. అందుకే పందెం ముందురాత్రి స్కీయర్ల కబుర్లన్నీ మైనం చుట్టూనే తిరుగుతాయి.

2010ల నుంచి ముందు వరుసల వారు ఈ తంటా తీసేశారు. అంటుకునే మైనం అసలు రాయకుండా, రెండు కర్రలనూ ఒకేసారి గుచ్చి, నడుం వంచి తోసుకుంటూ 90 కిలోమీటర్లూ పోతున్నారు. దీన్ని డబుల్ పోలింగ్ అంటారు. పొట్ట, భుజాలు, వీపు కండరాలు గట్టివైతే ఇదే వేగంగా ఉంటుంది. సామాన్యులు ఎక్కువగా పాత పద్ధతినే నమ్ముకుంటారు.

విజేతలు

‘మూరా నిస్సే’గా పేరుపడ్డ నిల్స్ కార్ల్‌సన్ 1943-53 మధ్య 9 సార్లు గెలిచాడు. 1948 శీతాకాల ఒలింపిక్స్‌లో 50 కిలోమీటర్ల స్వర్ణం కూడా ఆయనదే. 1954లో ఫిన్లాండ్‌కు చెందిన పెక్కా కువాయా గెలిచి తొలి విదేశీ విజేత అయ్యాడు. కోవిడ్ కారణంగా మేటి క్రీడాకారులకే పరిమితమైన 2021 పందెంలో నార్వేకు చెందిన టూర్ అస్లే యెర్దాలెన్ 3 గంటల 28 నిమిషాల 18 సెకన్లలో గమ్యం చేరాడు. ఆల్మ్ తీసుకున్న సమయంలో ఇది సగం కంటే తక్కువ.

ఇతర దేశాల్లో

నార్వేలో 1932 నుంచి జరుగుతున్న బిర్కెబైనర్ పందెం కూడా రాజకథ మీదే నిలిచింది. 1206లో పసివాడైన రాకుమారుడు హోకోన్‌ను ఇద్దరు యోధులు మంచుకొండల మీదుగా మోసుకెళ్లి కాపాడారు. ఆ బిడ్డకు గుర్తుగా పోటీదారులు 54 కిలోమీటర్లూ వీపున 3.5 కిలోల సంచి మోయాలి. స్విట్జర్లాండ్‌లో ఎంగాడిన్, ఇటలీలో మార్చాలోంగా, అమెరికాలో అమెరికన్ బిర్కెబైనర్ తర్వాత వచ్చాయి. 1978లో ఇలాంటి పలు పందేలు కలిసి ‘వరల్డ్‌లోప్పెట్’ సమాఖ్యగా ఏర్పడ్డాయి. అమెరికాలోని మిన్నెసోటాలో మూరా పేరే పెట్టుకున్న ఊళ్లోనూ, జపాన్, చైనాల్లోనూ వాసాలోప్పెట్ పేరుతో పందేలు నడుస్తున్నాయి.

ఈ దారిలో పేరున్నవారు చాలామందే నడిచారు. స్వీడన్ రాజు కార్ల్ 16వ గుస్తావ్ 1977లో ఈ పందెం పూర్తిచేశాడు. 2012లో మరో రాజవంశీయుడు వేలమందిలో ఒకడిగా సేలెన్ నుంచి మూరా దాకా స్కీలపై సాగాడు. ఆయన అప్పటి డెన్మార్క్ యువరాజు, ఇప్పటి రాజు పదవ ఫ్రెడెరిక్.