టమాట గుజ్జును సీసాల్లో నిలవ చేయడం – మరిగే నీటి పద్ధతి, తీసుకోవలసిన జాగ్రత్తలు

టమాట సాగు చేసే రైతుకు ధర ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు పడిపోతుందో అంతుపట్టదు. 2023 జూలైలో కిలో టమాట వంద రూపాయలు దాటింది. అదే ఏడాది సెప్టెంబరుకల్లా కొన్ని మార్కెట్లలో కిలో పది రూపాయల లోపుకు పడిపోయింది. ధర లేని రోజుల్లో కోత కూలి, రవాణా ఖర్చు కూడా రాక కాయను పొలంలోనే వదిలేసే రైతులు ఉన్నారు. రెండు మూడు నెలలు తిరిగేసరికి అదే ఇంట్లో కూరకు టమాట కొనుక్కోవలసి వస్తుంది.

మిగిలిన కాయలో కొంత భాగాన్నైనా గుజ్జుగా చేసి, గాజు సీసాల్లో నింపి, మూత బిగించి, సీసాలను మరిగే నీటిలో ఉంచితే ఫ్రిజ్ అవసరం లేకుండా నెలల తరబడి నిలవ ఉంటుంది. దీన్నే వాటర్ బాత్ క్యానింగ్ అంటారు. ఇది పది టన్నుల పంటను కాపాడే మార్గం కాదు. ఇంటి అవసరానికి, మహిళా సంఘంలో నలుగురు కలిసి కొన్ని క్రేట్లు నిలవ చేసుకోవడానికి పనికొస్తుంది. సరిగా చేయకపోతే మాత్రం ప్రాణాపాయం కలిగించే విషాహారంగా మారుతుంది. కాబట్టి పద్ధతి పూర్తిగా తెలుసుకున్న తరువాతే మొదలు పెట్టాలి.

ఈ పద్ధతి ఎలా పని చేస్తుంది?

సీసాను మరిగే నీటిలో ఉంచినప్పుడు రెండు పనులు జరుగుతాయి. మొదటిది, గుజ్జును పాడుచేసే బూజు, ఈస్టు, చాలా రకాల బాక్టీరియా వేడికి చనిపోతాయి. రెండవది, సీసా పైభాగంలో ఉన్న గాలి బయటకు పోతుంది. సీసా చల్లారేటప్పుడు లోపల గాలి లేనందున మూత లోపలికి లాగబడి గట్టిగా అతుక్కుంటుంది. తరువాత బయటి గాలి గాని, క్రిములు గాని లోపలికి వెళ్లలేవు. ఫ్రాన్సు దేశస్థుడు నికోలా అప్పెర్ సీసాల్లో ఆహారాన్ని నిలవ చేసే విధానాన్ని 1810లో పుస్తకంగా ప్రచురించాడు. నేటికీ మూల సూత్రం అదే.

పులుపు ఎందుకు ముఖ్యం?

నేలలో సహజంగా ఉండే క్లాస్ట్రిడియం బొట్యులినం అనే బాక్టీరియా సిద్ధబీజాలు కూరగాయలకు అంటుకుని వస్తాయి. ఇవి 100 డిగ్రీల మరిగే నీటిలో కూడా చావవు. గాలి లేని చోట, పులుపు తక్కువగా ఉన్న ఆహారంలో ఇవి మొలకెత్తి బొట్యులినం అనే తీవ్రమైన విషాన్ని తయారు చేస్తాయి. గాలి తీసేసిన సీసా వాటికి అనువైన చోటు.

పులుపు ఎక్కువగా ఉంటే, అంటే ఉదజని సూచిక 4.6 కంటే తక్కువగా ఉంటే, ఈ సిద్ధబీజాలు మొలకెత్తలేవు. అందువల్ల మరిగే నీటి పద్ధతిని పుల్లటి పదార్థాలకు మాత్రమే వాడాలి.

టమాట ఈ హద్దు మీదే ఉంటుంది. రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి దాని ఉదజని సూచిక 4.6కు కాస్త కింద గాని, కాస్త పైన గాని ఉండవచ్చు. రుచి చూసి చెప్పడం సాధ్యం కాదు. కాబట్టి టమాట ఎంత పుల్లగా అనిపించినా ప్రతి సీసాలో నిమ్మ ఉప్పు తప్పనిసరిగా కలపాలి.

ఏవి చేయవచ్చు? ఏవి చేయకూడదు?

చేయదగినవి: నిమ్మ ఉప్పు కలిపిన టమాట రసం, టమాట గుజ్జు; అనాస, ద్రాక్ష వంటి పుల్లటి పండ్లు; పండ్ల జాములు; కొలత ప్రకారం వెనిగర్ పోసిన ఊరగాయలు.

చేయకూడనివి: పప్పు, సాంబారు, వండిన కూరలు, మాంసం, చేపలు, పాలు, పుట్టగొడుగులు, బీన్స్, మొక్కజొన్న, క్యారెట్, బంగాళాదుంప, ఆకుకూరలు, కొబ్బరి, అరటి, బొప్పాయి, పుచ్చ. వీటిలో పులుపు తక్కువ. ఎన్ని గంటలు మరిగించినా మరిగే నీటి పద్ధతి వీటికి సరిపోదు.

బాగా పండిన మామిడిలో పులుపు రకాన్ని బట్టి చాలా మారుతుంది. తియ్యటి మామిడి గుజ్జును ఇంట్లో ఈ పద్ధతిలో నిలవ చేయవద్దు. తాండ్ర పోసుకోవడం గాని, డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోవడం గాని మేలు.

కావలసిన సామగ్రి

- మందపాటి గాజు సీసాలు, అర లీటరువి లేదా లీటరువి. అంచు పగిలినవి, బీటలు ఉన్నవి పనికిరావు.
- లోపల మెత్తటి రబ్బరు లాంటి పూత ఉన్న కొత్త లోహపు మూతలు. సీసాలను మళ్లీ వాడుకోవచ్చు, మూతలు మాత్రం ప్రతిసారీ కొత్తవి కావాలి. ప్లాస్టిక్ మూతలు పనికిరావు.
- సీసా ఎత్తు కంటే కనీసం 3 అంగుళాలు ఎక్కువ లోతు ఉన్న పెద్ద గిన్నె, దానికి మూత.
- గిన్నె అడుగున వేయడానికి స్టీలు జాలీ స్టాండు లేదా మడతపెట్టిన నూలు గుడ్డ. సీసా నేరుగా అడుగుకు తగిలితే పగులుతుంది.
- గుజ్జు ఉడికించడానికి స్టీలు పాత్ర. అల్యూమినియం, రాగి, ఇత్తడి పాత్రల్లో పులుపు పదార్థం ఉడికించరాదు.
- కిరాణా దుకాణంలో దొరికే తినదగిన నిమ్మ ఉప్పు, కొలత చెంచాలు, సీసాలు తీయడానికి పట్టకారు, గడియారం.

25 కిలోల టమాటలకు పలుచటి గుజ్జు సుమారు 10 లీటర్లు, అంటే 20 అర లీటరు సీసాలు వస్తుంది. దీనికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు పొట్లం సరిపోతుంది.

కాయల ఎంపిక

ధర లేక మిగిలిన మంచి కాయను వాడాలి గాని గ్రేడింగులో తీసేసిన పాడు కాయను కాదు. చిన్న సైజు, వంకర ఆకారం ఉన్నా ఫరవాలేదు. గట్టిగా, ఎర్రగా పండినవి కావాలి. పగిలినవి, బూజు పట్టినవి, మెత్తబడినవి, తెగులుతో ఎండిన మొక్కల నుంచి కోసినవి తీసేయాలి. ఇలాంటి కాయల్లో పులుపు తగ్గిపోయి ఉంటుంది. చివరి మందు పిచికారీ తరువాత ఆగవలసిన రోజులు పూర్తయ్యాకే కోయాలి.

తయారు చేసే విధానం

1. సీసాలను సబ్బు నీటితో కడిగి, వేడి నీటిలో ఉంచాలి. వేడి గుజ్జు పోసే సమయానికి సీసాలు కూడా వేడిగా ఉండాలి.

2. టమాటలను రెండు మూడు సార్లు మంచి నీటితో కడిగి, తొడిమ, ఆకుపచ్చ భాగం తీసేయాలి. నాలుగు ముక్కలుగా కోసి, కోసిన వెంటనే వేడి పాత్రలో వేసి నలుపుతూ మరిగించాలి. అన్నీ కోసి పక్కన పెట్టి తరువాత ఉడికిస్తే గుజ్జు, నీరు విడిపోతాయి.

3. ముక్కలు మెత్తబడ్డాక జల్లెడలో వేసి రుద్ది తొక్కు, గింజలు వేరు చేయాలి.

4. వచ్చిన రసాన్ని సన్నని మంట మీద మూడో వంతు ఇగిరిపోయే వరకు మరిగించాలి. అడుగంటకుండా కలుపుతూ ఉండాలి.

5. వేడి సీసాలో ముందుగా నిమ్మ ఉప్పు వేయాలి. అర లీటరు సీసాకు పావు చెంచా, లీటరు సీసాకు అర చెంచా. ఇది 5 మిల్లీలీటర్ల కొలత చెంచాతో, తలకొట్టిన కొలత. ఉప్పు రుచి కోసం మాత్రమే, ఇష్టమైతే వేసుకోవచ్చు.

6. మరుగుతున్న గుజ్జును సీసాలో పోసి పైన అర అంగుళం ఖాళీ వదలాలి. శుభ్రమైన పుల్లతో లోపలి గాలి బుడగలు తీసి, అంచును తడి గుడ్డతో తుడవాలి. అంచు మీద గుజ్జు ఉంటే మూత అతుక్కోదు. మూతను చేతి వేళ్లతో బిగించాలి, బలమంతా పెట్టరాదు.

7. సీసాలను వేడి నీళ్లున్న గిన్నెలో నిలువుగా, ఒకదానికొకటి తగలకుండా పెట్టాలి. నీరు మూతల పైన కనీసం అంగుళం ఎత్తు ఉండాలి. గిన్నె మీద మూత పెట్టి మంట పెంచాలి.

8. నీరు తెర్లుతూ మరగడం మొదలైన తరువాతే సమయం లెక్కించాలి. మధ్యలో మరగడం ఆగిపోతే మళ్లీ మరిగాక మొదటి నుంచి లెక్క పెట్టాలి. గ్యాసు అయిపోయినా, కట్టెల మంట తగ్గినా ఇదే నియమం. నీరు తగ్గితే మరిగే నీటినే పోయాలి.

9. సమయం పూర్తయ్యాక మంట ఆపి 5 నిమిషాలు ఆగాలి. తరువాత సీసాలను నిలువుగా తీసి, చెక్క బల్ల లేదా మందపాటి గుడ్డ మీద ఎడంగా పెట్టాలి. ఫ్యాను గాలి తగలరాదు. 12 నుంచి 24 గంటల వరకు కదపరాదు, మూత మళ్లీ బిగించరాదు, తలకిందులు చేయరాదు.

ఎంత సేపు మరిగించాలి?

ఎత్తు ప్రాంతాల్లో నీరు 100 డిగ్రీల కంటే తక్కువ వేడికే మరుగుతుంది. అందుకే సమయం పెంచాలి.

- సముద్ర మట్టం నుంచి 1000 అడుగుల లోపు (విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం, రాజమహేంద్రవరం): అర లీటరు సీసా 35 నిమిషాలు, లీటరు సీసా 40 నిమిషాలు.
- 1000 నుంచి 3000 అడుగులు (మదనపల్లె, కుప్పం, హైదరాబాద్): అర లీటరు 40 నిమిషాలు, లీటరు 45 నిమిషాలు.
- 3000 అడుగుల పైన: అర లీటరు 45 నిమిషాలు, లీటరు 50 నిమిషాలు. అరకు, లంబసింగి వంటి కొండ ప్రాంతాల వారు ఈ సమయమే పాటించడం మంచిది.

మూత సరిగా పడిందా?

మరుసటి రోజు మూత మధ్యలో వేలితో నొక్కి చూడాలి. మధ్య భాగం లోపలికి పోయి, నొక్కినా కదలకుండా ఉంటే సరిగా పడినట్లు. టక్కుమని లోపలికి, బయటికి ఆడితే పడలేదు. అలాంటి సీసాను ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో వాడుకోవాలి. లేదా 24 గంటల లోపు గుజ్జును మళ్లీ మరిగించి, కొత్త మూతతో, పూర్తి సమయం పాటు మళ్లీ చేయాలి.

సీసాను కడిగి తుడిచి, తయారు చేసిన తేదీ రాసి, వెలుతురు తగలని చల్లటి గదిలో ఉంచాలి. మంచి పరిస్థితుల్లో ఏడాది వరకు వాడుకోవచ్చు. గది వేడి 35 డిగ్రీలు దాటితే రంగు, రుచి త్వరగా చెడతాయి. రేకుల షెడ్డులో, అటక మీద పెట్టరాదు. శీతాకాలంలో చేసిన సీసాలను వేసవి ముదరక ముందే వాడుకునేలా లెక్క వేసుకోవడం మేలు. సీసా తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టాలి.

సాధారణంగా జరిగే పొరపాట్లు

- ఉల్లి, వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి కలిపి కూర గుజ్జుగా సీసాలో నింపడం. ఇవి పులుపును తగ్గిస్తాయి. తాలింపు వండేటప్పుడు వేసుకోవాలి గాని సీసాలో కాదు.
- ఆవకాయ మీద పోసినట్లు పైన నూనె పోయడం. ఆవకాయను కాపాడేది ఎక్కువ ఉప్పు, మామిడి పులుపు. గుజ్జులో అంత ఉప్పు లేదు. పైగా నూనె గాలిని అడ్డుకుని ప్రమాదం పెంచుతుంది.
- నిమ్మ ఉప్పుకు బదులు చింతపండు వేయడం, నిమ్మకాయ ఉజ్జాయింపుగా పిండడం. వీటి పులుపు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది.
- మరిగే గుజ్జు పోసి మూత పెట్టాం కదా అని సీసాలను నీటిలో మరిగించకుండా వదిలేయడం.
- వంటింటి ప్రెషర్ కుక్కరులో విజిళ్ల లెక్కన చేయడం. దీనికి ప్రత్యేకమైన ప్రెషర్ క్యానర్లు వేరుగా ఉంటాయి. అన్నం కుక్కరు వాటికి బదులు కాదు.

పాడైన సీసాను గుర్తించడం

మూత ఉబ్బడం, గుజ్జు కారడం, తెరిచినప్పుడు నురుగు చిమ్మడం, బూజు, చెడు వాసన ఉంటే రుచి కూడా చూడకుండా పారేయాలి. బొట్యులినం విషం ఉన్నా కొన్నిసార్లు రంగు, వాసన మారవు. నిమ్మ ఉప్పు వేశామో లేదో, పూర్తి సమయం మరిగించామో లేదో అనుమానం ఉన్న సీసాను కూడా పారేయాలి. పశువులకు, కుక్కలకు, కోళ్లకు వేయరాదు, వాటికీ ఈ విషం ప్రాణాంతకమే. సంచిలో కట్టి, జంతువులు తవ్వలేనంత లోతుగా పూడ్చాలి.

తిన్న తరువాత, సాధారణంగా 12 నుంచి 36 గంటల్లో, చూపు రెండుగా కనిపించడం, కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం, మింగలేకపోవడం, కండరాల నీరసం కనిపిస్తే వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఏం తిన్నారో వైద్యునికి చెప్పాలి. ఆలస్యమైతే ఊపిరి ఆడటం కష్టమవుతుంది.

అమ్మాలనుకుంటే

ఇంటి వాడకానికి చేసుకోవడం వేరు, అమ్మడం వేరు. అమ్మకానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ప్రతి విడతలో ఉదజని సూచికను మీటరుతో కొలిచి రాసిపెట్టాలి. సీసా మీద తయారీ తేదీ, వాడకం గడువు ముద్రించాలి. మొదటిసారి చేసేవారు ముందుగా నాలుగైదు సీసాలతో మొదలు పెట్టాలి. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గృహ విజ్ఞాన శాస్త్రవేత్తను కలిసి పద్ధతిని కళ్లారా చూసి నేర్చుకోవచ్చు. సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ టోల్ ఫ్రీ నంబరు 1800 180 1551కు ఫోన్ చేయవచ్చు.