సంగటి నుంచి చిరుతిండి దాకా: అనంతపురం కరవుసీమలో ఉప్పుకారపు వంటకాల పరిణామం

వ్యాససంగ్రహం

కొర్ర, రాగి, జొన్నలతో తయారైన ఉప్పుకారపు తినుబండారాలు ఇటీవల నగర విపణిలో కొత్త ఆహారంగా ప్రచారం పొందుతున్నాయి. అనంతపురం కరవుసీమలో ఈ ధాన్యాలు తరతరాల నిత్యాహారం. అవి కంచం నుంచి తొలగిపోయిన తీరును, పొట్లాల రూపంలో తిరిగివచ్చిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వంటకంలో వచ్చిన మార్పు కంటే తినేవారిలో వచ్చిన మార్పే పెద్దదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనంతపురం, సంగటి, ఉగ్గాని, వేరుశనగ, చిరుధాన్యాలు, చౌకబియ్యం, ఆహారచరిత్ర.

1. ఉపోద్ఘాతం

పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న అనంతపురం పీఠభూమిలో సగటు వార్షిక వర్షపాతం దాదాపు 550 మి.మీ. మాత్రమే. నేలలు అధికభాగం లోతు తక్కువ ఎర్రనేలలు. 1876-78 నాటి మహాక్షామం ఈ ప్రాంతాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. ఆ తరువాత 1882లో బళ్ళారి నుంచి విడివడి అనంతపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. 2022లో ఇందులోంచి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ఈ వ్యాసంలో అనంతపురం అన్న మాట అవిభక్త జిల్లాకు వర్తిస్తుంది.

ఈ సీమ కరవును తెలుగు సాహిత్యం విస్తృతంగా చిత్రించింది. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లోను, సింగమనేని నారాయణ కథల్లోను ఇక్కడి రైతు బతుకు కనిపిస్తుంది. అయితే కరవును ఆకలి కోణం నుంచి చూసినంతగా వంట కోణం నుంచి చూడలేదు. లేమిలోనూ జనం ఏదో ఒకటి వండుకున్నారు, రుచిని కల్పించుకున్నారు. ఆ కల్పన కూడా చరిత్రలో భాగమే.

2. సంగటి: నిల్వ, శ్రమ, గౌరవం

రాగి, జొన్న, సజ్జ గింజలకు విడిగా ఒలవవలసిన గట్టి పొట్టు ఉండదు. వాటిని నేరుగా విసరుకోవచ్చు. కొర్ర, సామ, అరికలకు పొట్టు ఉంటుంది కనుక దంచి, చెరిగి, మళ్ళీ దంచాలి. ఈ పని మొత్తం స్త్రీల చేతులమీద, తెల్లవారకముందే జరిగేది. పంటను బట్టి, నూర్చే ఓపికను బట్టి ఇంట్లో వంట నిర్ణయమయ్యేది.

జొన్నపిండిలో గోధుమపిండికున్న సాగే గుణం లేదు. అందుకే మరుగుతున్న నీళ్ళు పోసి పిండిని మెత్తబరచి, చేత్తో తట్టి రొట్టె చేస్తారు. ధాన్యం స్వభావాన్ని ఎరిగి కనుగొన్న పద్ధతి ఇది. రాగిపిండిని నూకలతో కలిపి తెడ్డుతో గెలికి, ముద్దచేస్తే సంగటి. అందులోకి పప్పు, పుల్లగూర, ఊరిబిండి. మిగిలిన సంగటి మరునాడు మజ్జిగలో కలిసి పొద్దుటి ఆహారమయ్యేది. అంటే సంగటి ఒక వంటకం మాత్రమే కాదు, నిల్వకూ పొదుపుకూ సంబంధించిన ఏర్పాటు.

ధాన్యాల మధ్య అంతస్తుల భేదం కూడా పాతదే. శ్రీనాథునికి ఆపాదించిన చాటువుల్లో పల్నాటి జొన్నకూడు పరిహాసపాత్రమైంది. దీనికి భిన్నంగా పొరుగున కన్నడంలో 16వ శతాబ్దికి చెందిన కనకదాసు 'రామధాన్యచరితె'లో వరికి, రాగికి వివాదం కల్పించాడు. రెండింటినీ ఆరునెలలు బంధించగా వరి చెడిపోతుంది, రాగి నిలుస్తుంది, రాముడు రాగినే మెచ్చుకుంటాడు. రాగి ఏళ్ళతరబడి పురుగుపట్టకుండా నిలవుంటుందన్న రైతు అనుభవమే ఇక్కడ కావ్యవస్తువైంది. కరవు ప్రాంతంలో నిలవుండే గింజకు మించిన భద్రత లేదు.

3. రెండు మలుపులు: వేరుశనగ, చౌకబియ్యం

20వ శతాబ్దిలో ఈ ఆహారవ్యవస్థను రెండు పరిణామాలు మార్చాయి. మొదటిది వేరుశనగ. నూనెమిల్లుల గిరాకీతో ఈ వాణిజ్యపంట కొర్ర, జొన్న పొలాల్లోకి విస్తరించింది. 1986లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన నూనెగింజల సాంకేతిక మిషన్ ఈ విస్తరణకు ఊతమిచ్చింది. శతాబ్ది చివరినాటికి జిల్లా ఖరీఫ్ సాగులో అత్యధికభాగం వేరుశనగదే. ఊడలు దిగి కాయ ఊరే దశలో వాన మొగంచాటేస్తే పంట పోతుంది. తిండిగింజ పోయిన చోట అమ్మకపుగింజ వచ్చింది గాని కరవు పోలేదు.

రెండవది బియ్యం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం మెట్టప్రాంతపు పేద ఇళ్ళకు వరన్నాన్ని నిత్యాహారంగా చేర్చింది. దీన్ని కేవలం సంప్రదాయ నష్టంగా చూడడం సరికాదు. పండుగనాడు మాత్రమే దొరికే అన్నం రోజూ దొరకడం పేదలకు గౌరవం. కొర్రలు దంచే పని తప్పడం స్త్రీలకు విశ్రాంతి. ఇంట్లో ధాన్యం మారడానికి రుచి ఎంత కారణమో రోకలి కూడా అంతే కారణం. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టం ముతక ధాన్యాన్ని కిలో రూపాయికి ఇవ్వవచ్చని చెప్పినా, ఆచరణలో ఈ ప్రాంతపు చౌకదుకాణంలో బియ్యమే ప్రధానంగా నిలిచింది.

4. ఉగ్గాని, ఊరిబిండి: జనం చేసుకున్న కొత్తదనం

ఈ రెండు మలుపులనూ సీమ వంటిల్లు మౌనంగా స్వీకరించలేదు. వచ్చిన వస్తువును తన రుచికి మలచుకుంది. వేరుశనగకు ఇక్కడి వాడుకలో చెనిక్కాయ, బుడ్డ అనే పేర్లున్నాయి. ఎండుమిరప, చింతపండు, ఉల్లిపాయతో కలిపి కచ్చాపచ్చాగా నూరిన చెనిక్కాయల ఊరిబిండి సంగటికి తోడయింది. మిల్లుకు వెళ్ళవలసిన పంటలో ఒక పిడికెడు రోటిలోకి చేరింది.

బియ్యపు వంటల్లో ఇందుకు సమానమైన ఉదాహరణ ఉగ్గాని. కోస్తాలో మరమరాలనే వాటిని ఇక్కడ బొరుగులంటారు. వాటిని నీళ్ళలో తడిపి పిండి, ఉల్లి, పచ్చిమిరప, పసుపుల తిరగవాతలో కలిపి, పైన పుట్నాలపొడి చల్లుతారు. మిరపకాయ బజ్జీ తప్పనిసరి జోడు. కన్నడంలో తిరగవాతను 'ఒగ్గరణె' అంటారు. బళ్ళారి సీమలోనూ ఇటువంటి బొరుగుల వంటకం ఉండడంతో ఈ రెండు మాటల పోలిక పరిశీలించదగినది. ఉగ్గానికి ఎక్కువ నీళ్ళు, వంటచెరకు, సమయం అవసరం లేదు. నీళ్ళు, కట్టెలు కరవైన చోట ఈ గుణాలకున్న విలువ స్పష్టమే.

ఈ రెండింటిలోనూ ఒక లక్షణం సమానం. వాటిని కల్పించినవారూ తినేవారూ ఒకే సమాజం.

5. చిరుధాన్యాల పునరాగమనం

భారతప్రభుత్వం 2018లో చిరుధాన్యాలను పోషకధాన్యాలుగా ప్రకటించి ఆ ఏడాదిని జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. తెలుగు, కన్నడ ప్రాంతాల్లో డా. ఖాదర్ వలీ ప్రచారంతో 'సిరిధాన్యాలు' అనే మాట ఇంటింటికీ చేరింది. ముతకధాన్యాలు, చిరుధాన్యాలు, సిరిధాన్యాలు అనే ఈ నామపరిణామం అర్థవంతమైనది. గింజ అదే, దాని అంతస్తు మారింది.

హైదరాబాదులోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్నరవ్వ, అటుకులు, సేమియా వంటి రూపాలను అభివృద్ధి చేసింది. అనంతపురంలో 1990 నుంచి పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో ఏర్పడిన ధరణి రైతుల సహకారసంఘం, చెన్నేకొత్తపల్లి ప్రాంతపు రైతుల సేంద్రియ చిరుధాన్యాలను, వేరుశనగను సేకరించి, శుద్ధిచేసి విక్రయిస్తోంది. పొట్టుతీసే యంత్రం రోకలి స్థానంలోకి రావడమే ఈ దశలో అసలైన సాంకేతిక మార్పు. కొర్ర ఉప్మా, కొర్ర పులిహోర, రాగి మురుకులు, జొన్న అటుకుల మిశ్రమం దాని ఫలితాలు. సాగే గుణం లేని పిండి విరిగిపోకుండా మురుకుల్లో శనగపిండి, బియ్యపుపిండి కలుపుతారు. కొవ్వుపాలు ఎక్కువైన సజ్జపిండి త్వరగా కనరెక్కుతుంది కనుక నిలవుండే తినుబండారాల్లో దాని వాడకానికి పరిమితి ఉంది. ఒకప్పుడు నిల్వకు పేరుపొందిన ధాన్యాలకు ఇప్పుడు పొట్లంలో నిల్వే సమస్య కావడం గమనార్హం. మునుపు గింజను దాచి, పిండిని ఎప్పటికప్పుడు విసరుకునేవారు. ఇప్పుడు పిండి వంటకాన్నే దాచవలసివస్తోంది.

ఈ తినుబండారాల ప్రధాన విపణి బెంగుళూరు, హైదరాబాదు వంటి నగరాలు. అనంతపురం నుంచి బెంగుళూరుకు వెళ్ళే రహదారిలోనే కరవుకాలంలో కూలీలు వలసపోతారు. కొర్రల పొట్లాలూ ఆ దారినే వెళ్తాయి. పండించే ఇంట్లో చౌకబియ్యం, కొనే ఇంట్లో సిరిధాన్యం అన్న విపర్యయం ఇక్కడ ఏర్పడింది.

బడిభోజనంలోనూ ఇటువంటి పాక్షికతే ఉంది. 2023 మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపాఠశాలల్లో వారానికి మూడురోజులు బెల్లంతో రాగిజావ చేర్చారు. అంతకుముందే వేరుశనగ చిక్కీ ఉంది. పోషకదృష్టితో ఇవి మేలైన చర్యలు. అయితే సీమ పిల్లల కంచంలోకి రాగి, వేరుశనగ రెండూ తీపిరూపంలోనే ప్రవేశించాయి. సంగటి, ఊరిబిండి రూపంలో భోజనంగా ప్రవేశించలేదు. రాగి పానీయమైంది, అన్నం మాత్రం బియ్యంగానే ఉండిపోయింది.

6. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, అనంతపురంలో ఉప్పుకారపు వంటకాల కొత్తదనం ఇటీవలిది కాదు. రొట్టెతట్టే పద్ధతి, ఊరిబిండి, ఉగ్గాని అటువంటి కల్పనలే. రెండు, చిరుధాన్యాలు తొలగిపోవడానికి జనం అజ్ఞానం కారణం కాదు. పంటల విధానం, ధరల విధానం, స్త్రీల శ్రమ కారణాలు. మూడు, నేటి పునరాగమనంలో ధాన్యం తిరిగివచ్చింది కాని, దాన్ని పండించేవారి కంచానికి ఇంకా పూర్తిగా చేరలేదు.

కనుక ఈ నూతనత్వాన్ని ఎన్ని రుచుల పొట్లాలు వచ్చాయన్న లెక్కతో కొలవడం చాలదు. ఊరి దగ్గర పొట్టుతీసే యంత్రం ఉందా, చౌకదుకాణంలో రాగులూ కొర్రలూ దొరుకుతున్నాయా, వసతిగృహాల్లో వారానికొక పూటైనా సంగటి వండుతున్నారా అన్న ప్రశ్నలతో కొలవాలి. ఉగ్గాని ఈ సీమ వంటకమైంది ఈ సీమ తిన్నందువల్లనే. కొర్రకూ ఆ కొలతే వర్తిస్తుంది.