నీళ్లు తగ్గడం ఎప్పుడు జబ్బయింది?

కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న పేటెంటుకు దరఖాస్తు చేసిన మూడు చక్రాల బండికి రేడియేటర్ లేదు. 954 సీసీల ఒకే ఒక్క సిలిండర్, దాని చుట్టూ నీటి తొడుగు, పైన ఒక తొట్టి, అంతే. ఇంజన్ వేడికి నీళ్లు మరిగేవి, ఆవిరి గాలిలో కలిసిపోయేది, తగ్గినన్ని నీళ్లు మళ్లీ పోసేవారు. ఇదేమీ తెలివితక్కువ ఏర్పాటు కాదు. లీటరు నీటిని సున్నా నుంచి నూరు డిగ్రీలకు తేవడానికి ఎంత వేడి కావాలో, ఆ మరిగే నీటిని ఆవిరి చేయడానికి దానికి ఐదు రెట్లకు పైగా కావాలి. ముప్పావు గుర్రపు శక్తి ఇంజన్‌ను చల్లార్చడానికి నీటిని ఆవిరిగా వదిలేయడమే అన్నిటికన్నా సులువైన దారి.

1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని ఆ తరహా బండిలోనే మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు బయల్దేరింది. సుమారు 106 కిలోమీటర్ల దూరం. దారిలో వీస్లోఖ్ ఊరి మందుల షాపులో ఇంధనం కొన్న ముచ్చట అందరికీ తెలిసిందే. ఆ ప్రయాణంలో మాటిమాటికీ కావలసి వచ్చింది మాత్రం నీళ్లు. కనిపించిన సత్రం దగ్గరా, వాగు దగ్గరా ఆగి తొట్టి నింపుకుంటూ వెళ్లారు. నీళ్లెందుకు తగ్గాయని ఆ రోజు ఎవరూ అడగలేదు. తగ్గడమే వాటి పని మరి.

ఆ ప్రశ్న పుట్టాలంటే ముందు నీళ్లు బయటికి పోకుండా కట్టడి చేయాలి. దానికి డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది.

మొదటి పెద్ద అడుగు విల్హెల్మ్ మేబాఖ్‌ది. ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారి కోరిక మీద డైమ్లర్ సంస్థ 1900 చివర్లో తయారుచేసిన మెర్సిడెస్ 35 హెచ్‌పీ కారు ముందు ఆయన తేనెపట్టు రేడియేటర్ బిగించాడు. అందులో ఆరు మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070. గొట్టాల లోపల గాలి, వాటి మధ్య సందుల్లో నీళ్లు. వెనక ఫ్యాను. అదే సంస్థ అంతకు ముందు చేసిన ఫీనిక్స్ కారుకు 18 లీటర్ల నీళ్లు కావలసి వస్తే, అంతకన్నా బలమైన ఈ ఇంజన్‌కు తొమ్మిది చాలాయి. నీళ్లు తిరిగి తిరిగి వాడుకునే వస్తువయ్యాయి.

అయినా పైమూత తెరిచినట్టే లెక్క. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ సంగతి చూడండి. మొదటి రెండున్నర వేల బండ్లకు నీటి పంపు పెట్టి, ఆ తర్వాత తీసేశారు. వేడినీళ్లు తేలికై పైకి పోవడం, చల్లబడ్డవి కిందికి దిగడం అనే సహజ ప్రవాహం మీదే కోటిన్నర బండ్లు నడిచాయి. ఇందులో ఒక మెలిక ఉంది. నీటి మట్టం పైహోస్ మూతి కంటే కిందికి దిగితే ప్రవాహం మొత్తం ఆగిపోతుంది. రేడియేటర్‌లో సగానికి పైగా నీళ్లున్నా ఇంజన్ ఉడికిపోతుంది. రోజూ పొద్దున్నే మూత తీసి చూసుకునే అలవాటు ఆ తరం డ్రైవర్లకు అలా వచ్చింది.

వేడి ఎంతుందో తెలుసుకోవడానికి 1912లో హారిసన్ బోయ్స్ మోటోమీటర్ తెచ్చాడు. అది రేడియేటర్ మూత మీద బిగించే థర్మామీటర్. డ్రైవరు సీట్లోంచే ఎర్ర గీత కనపడేది. అయితే దాని కొన నీటిలో మునగదు, నీటి పైనుండే ఆవిరి వేడిని కొలుస్తుంది. ఆ రోజుల్లో అది సరిపోయింది. తర్వాత వచ్చిన సెన్సర్లు నీటిలో మునిగి ఉంటేనే సరిగా చెబుతాయి. కూలెంట్ తగ్గి సెన్సర్ గాలిలో వేలాడితే డాష్‌బోర్డు ముల్లు పైకి పోవాల్సింది పోయి కిందికి దిగుతుంది. ఇంజన్ కాలిపోతుంటే ముల్లు నింపాదిగా ఉందని మోసపోయిన వాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

మిగతా కట్టడి ముక్కలుగా వచ్చింది. 1914లో కాడిలాక్ వీ-8లో నీటి ప్రవాహాన్ని థర్మోస్టాట్ అదుపు చేసింది. చలిదేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా ఆల్కహాల్ కలిపేవారు. మిథనాల్ 65 డిగ్రీలకే మరుగుతుంది, కాబట్టి అది కూడా ఎగిరిపోయేది. 1927లో యూనియన్ కార్బైడ్ ప్రెస్టోన్ పేరుతో ఇథిలీన్ గ్లైకాల్ అమ్మకానికి పెట్టింది. దాని మరుగు స్థానం 197 డిగ్రీలు. స్ప్రింగు బిగించిన ప్రెషర్ మూత 1930ల్లో మొదలై, యుద్ధం తర్వాత మామూలైంది. వాతావరణ పీడనం పైన మరొక వాతావరణమంత పీడనం పెడితే మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. చివరికి 1961లో రెనో 4 కారు కూలింగ్ వ్యవస్థకు ఫ్యాక్టరీలోనే సీలు వేసి, పొంగినదాన్ని పట్టుకోవడానికి పక్కన సీసా పెట్టి వచ్చింది. ఇక నీళ్లు పోయనక్కర్లేదని ప్రచారం చేశారు.

నీళ్లు తగ్గడం జబ్బు లక్షణంగా మారింది ఇక్కడే. మూసిన వ్యవస్థలో మట్టం పడిపోయిందంటే ఎక్కడో దారి ఉన్నట్టే. ఆ దారి బయటికా, లోపలికా అన్నదే మెకానిక్ ముందున్న మొదటి ప్రశ్న. బయటిదైతే చేతి పంపుతో రేడియేటర్‌కు గాలి ఒత్తిడి పెడితే హోస్ మూతి దగ్గరో, నీటి పంపు కింది చిన్న రంధ్రం దగ్గరో, కారు లోపలి హీటర్ దగ్గరో తడి తేలుతుంది. ఏ తడీ కనపడకుండా మట్టం మాత్రం తగ్గుతుంటే అనుమానం హెడ్ గ్యాస్కెట్ మీదికి పోతుంది.

హెడ్డుకూ బ్లాకుకూ నడుమ నలిగే ఆ పల్చని రేకు మీద భారం మామూలుది కాదు. పెట్రోలు మండే క్షణాన సిలిండర్‌లో పీడనం వాతావరణ పీడనానికి యాభై రెట్ల దాకా లేస్తుంది. పక్కనే, కొన్ని మిల్లీమీటర్ల దూరంలో, కూలెంట్ దారిలో ఉన్నది అదనంగా ఒక్క వాతావరణ పీడనం. గ్యాస్కెట్‌లో వెంట్రుక మందం చీలిక పడినా చాలు, ఇంజన్ తిరుగుతున్నంతసేపు మండిన వాయువు నీటిలోకి దూరుతుంది, బుడగలొస్తాయి. అది నీటిని తోసి మూత గుండా బయటికి పంపిస్తుంది. ఇంజన్ ఆపాక ఒత్తిడి మిగిలేది నీటి వైపే, కాబట్టి నీళ్లు అదే చీలిక గుండా సిలిండర్‌లోకి జారతాయి. పొద్దున స్టార్టు చేస్తే సైలెన్సర్‌లోంచి తెల్లపొగ. బుడగలూ, నీళ్లు తగ్గడమూ ఒకే చీలికకు రెండు వైపులు.

ప్రతి బుడగనూ అనుమానించాల్సిన పని లేదు. కొత్తగా కూలెంట్ నింపిన బండిలో గాలి చిక్కుకుని ఉంటుంది, అది పోయేదాకా బుడగలు వస్తూనే ఉంటాయి. అందుకే పాత మెకానిక్కులు చల్లటి ఇంజన్‌తోనే మొదలుపెడతారు. వేడి బండి మూత తీస్తే ముఖం కాలుతుంది, పైగా మరుగుతున్న నీటి బుడగకూ వాయువు బుడగకూ తేడా తెలియదు. మూత తీసి అంచుదాకా నింపి స్టార్టు చేస్తారు. మొదట నాలుగు బుడగలు వస్తాయి. థర్మోస్టాట్ తెరుచుకుంటే మట్టం కాస్త దిగుతుంది, మళ్లీ పోస్తారు. చిక్కుకున్న గాలైతే ఇంతటితో సద్దుమణుగుతుంది. అలా కాకుండా సన్నటి బుడగలు తెంపు లేకుండా వస్తూ, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా పెరుగుతుంటే హెడ్డు దించక తప్పదు. ఇంకో గుర్తు చేతికే తెలుస్తుంది. మూత బిగించి స్టార్టు చేసిన నిమిషంలో, నీళ్లు ఇంకా వేడెక్కకుండానే పైహోస్ రాయిలా గట్టిపడితే ఆ ఒత్తిడి వేడిది కాదు.

ఈ అనుభవ జ్ఞానానికి రసాయన శాస్త్రం తోడైంది. బ్రోమోథైమాల్ బ్లూ అనే ద్రావణం నీలంగా ఉంటుంది, ఆమ్లం తగిలితే పసుపవుతుంది. మామూలు గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే, పెట్రోలు మండిన పొగలో పన్నెండు శాతం పైనే. రేడియేటర్ మూతి మీద గాజు గొట్టం పెట్టి, పైన రబ్బరు బుడ్డి నొక్కుతూ లోపలి ఆవిరిని ఈ ద్రావణం గుండా లాగుతారు. మట్టాన్ని ముందే కాస్త తగ్గించుకోవాలి. ఒక్క చుక్క కూలెంట్ గొట్టంలోకి వచ్చినా పరీక్ష పాడైపోతుంది. రంగు పసుపుకు తిరిగితే ఇక వాదన లేదు.

ఈ జబ్బుతో చరిత్రకెక్కిన ఇంజన్ బ్రిటన్‌లోని రోవర్ కే-సిరీస్. 1980ల చివర్లో వచ్చినప్పుడు దాన్ని ఇంజనీర్లు మెచ్చుకున్నారు. తేలికైన అల్యూమినియం, పైనుంచి కిందిదాకా పోయే పొడవాటి బోల్టులు, త్వరగా వేడెక్కాలని లోపల చాలా కొద్ది నీళ్లు. ఆ కొద్ది నీళ్లే ప్రాణం మీదికి తెచ్చాయి. ఎక్కడో చిన్న లీకు వల్ల కాస్త కూలెంట్ పోయినా హెడ్డు అమాంతం వేడెక్కేది. థర్మోస్టాట్ నీళ్లు లోపలికొచ్చే వైపు ఉండటంతో అది తెరుచుకున్నప్పుడల్లా వేడి ఇంజన్‌లోకి చల్లటి నీటి దెబ్బ. 1.8 లీటర్ల ఇంజన్‌ను 1995లో ఎంజీఎఫ్ కారు మధ్యలో పెట్టారు. రేడియేటర్ ముందు, ఇంజన్ వెనక, నడుమ పొడవాటి గొట్టాలు. కూలెంట్ మార్చినప్పుడు అందులోంచి గాలి పూర్తిగా తీయడమే ఒక విద్య. గాలి మిగిలితే గ్యాస్కెట్ పోయేది, గ్యాస్కెట్ పోతే మళ్లీ బుడగలు. తర్వాత థర్మోస్టాట్ చోటు మార్చారు, పొరలు పొరల ఉక్కు గ్యాస్కెట్ తెచ్చారు. ఈలోగా 2005లో ఎంజీ రోవర్ సంస్థే మూతబడింది. ఆ పతనానికి కారణాలు చాలా ఉన్నా, ఆ ఇంజన్‌కు వచ్చిన చెడ్డపేరూ అందులో ఉంది.

మన దగ్గర ఈ చరిత్ర ఆలస్యంగా, కలగాపులగంగా నడిచింది. 1957 నుంచి తయారైన అంబాసిడర్‌లో పొంగిన నీళ్లు సన్నగొట్టం గుండా రోడ్డు పాలయ్యేవి, తిరిగొచ్చే దారి లేదు. తిరుమల ఘాటు ఎక్కే టాక్సీ డిక్కీలో నీళ్ల క్యాను ఉండటం మామూలు సంగతి. విజయవాడ ఆటోనగర్‌లో రాగి, ఇత్తడి రేడియేటర్లకు మాటు వేసే పనివాళ్లకు ప్రత్యేక వృత్తే ఉండేది. రేడియేటర్ గొట్టాల మూతులు మూసి, గాలి పట్టించి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ లేచిన చోట సుద్దతో గుర్తు పెట్టేవారు. ప్లాస్టిక్ అంచుల అల్యూమినియం రేడియేటర్లు వచ్చాక మాటుకు పని తగ్గిపోయింది, కారిన రేడియేటర్‌ను మార్చడమే.

అలవాట్లు మాత్రం వెంటనే మారలేదు. ఎండల దేశంలో గడ్డకట్టే భయం లేదు కదా, కూలెంట్ ఎందుకని బోరు నీళ్లు పోయడం, ఇంజన్ చల్లగా ఉంటుందని థర్మోస్టాట్ పీకేయడం ఇప్పటికీ చూస్తాం. రెండూ నష్టమే. బోరు నీటి ఉప్పు సన్నగొట్టాల్లో పేరుకుంటుంది, అల్యూమినియం హెడ్డును తినేస్తుంది. థర్మోస్టాట్ లేని పెట్రోలు ఇంజన్ సరైన వేడికి రాక ఎక్కువ ఇంధనం తాగుతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం రోగ నిర్ధారణకు. వారానికోసారి నీళ్లు పోస్తూ పోతే మట్టం ఎందుకు తగ్గుతోందో ఎవరూ అడగరు. అడిగేసరికి ఆయిల్ మూత కింద మజ్జిగలాంటి నురగ తేలి, బేరింగులు దెబ్బతిని ఉంటాయి.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక డీజిల్ బండ్లలో బుడగకు ఇంకో అర్థం కూడా బలపడింది. పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ కూలర్‌లో గోడకు ఒక వైపు పొగ, మరో వైపు కూలెంట్. ఆ గోడ చిట్లితే పొగ కూలెంట్‌లో కలవవచ్చు, కూలెంట్ పొగదారిలోకి కారవచ్చు. 2018లో దక్షిణ కొరియాలో వరసగా కార్లు తగలబడ్డాక లక్షకు పైగా బీఎండబ్ల్యూ డీజిల్ కార్లను వెనక్కి పిలిపించింది ఈ కూలర్ కారుడు వల్లే. కారిన గ్లైకాల్ మసితో కలిసి అంటుకుంది. ఇలాంటి బండిలో గ్యాస్కెట్ చెక్కుచెదరకపోయినా బుడగలు రావచ్చు, పరీక్ష ద్రావణం రంగు మారవచ్చు. హెడ్డు దించితే వేలల్లో ఖర్చు, లోపం మాత్రం అక్కడ లేదు. అందుకని తెలిసిన మెకానిక్ ముందు ఈజీఆర్ కూలర్‌ను విప్పుతాడు. కూలెంట్ దారి మూతులు బిగించి, గాలి పట్టించి, నీళ్ల తొట్టిలో ముంచి చూస్తాడు. బుడగ లేవకపోతేనే హెడ్డు బోల్టుల మీద పానా పెడతాడు.