సనద్, అడంగల్, పట్టా: ఒకే ఫెహ్రిస్త్‌లో ఎలా?

దఫ్తర్, దస్తావేజు, తహసీల్, వసూలు, జమాబందీ, రైతు, హక్కు. మన ఇళ్లల్లో ఉర్దూగా వినిపించే ఈ మాటలు తెలుగు రెవెన్యూ కాగితాల్లో ఎన్నో తరాలుగా కాపురం ఉంటున్నాయి. మైదానాల్లోనే ఆగకుండా జి.మాడుగుల కొండల దాకా ఎక్కాయి. ఆ మన్యం భూమి కాగితాల తారీఖ్ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఒక సవాల్ గుర్తొస్తుంది: రకరకాల కాగితాలను ఒకే ఫెహ్రిస్త్‌లో, అంటే కంప్యూటర్ వెతికే సూచికలో, ఎలా పేర్చాలి?

అక్కడ మూడు జమానాలు మూడు రకాల కాగితాలను మిగిల్చాయి.

మొదటిది ముఠాదారు సనద్. కొన్ని ఊళ్లు కలిస్తే ఒక ముఠా. శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టడం ముఠాదారు బాధ్యత. అందులో ముఖ్యం ముఠా పేరు, కట్టాల్సిన రఖం. కొండవాలులో పోడు చేసుకునేవాడి పేరు కాదు.

రెండోది అడంగల్. ముఠాలను రద్దు చేసి రైత్వారీలోకి మార్చే రెగ్యులేషన్ 1969లో వచ్చింది. ఇక్కడ లెక్కంతా సర్వే నంబరుది. దాని వెంట విస్తీర్ణం, పంట, అనుభవదారు, ఫసలీ సంవత్సరం.

మూడోది అటవీ హక్కుల పట్టా. 2006 నాటి ఆ కానూన్ 2007 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది. సాగు భూమికి హద్దు 4 హెక్టార్లు. వారసులకు దక్కుతుంది, అమ్మడానికి వీల్లేదు. పెళ్లయినవారైతే భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి.

ఇప్పుడు ఈ మూడింటినీ అడంగల్ అచ్చులో పోశామనుకోండి. సనద్‌కు సర్వే నంబరు లేదు కాబట్టి ఆ ఖానా ఖాళీ. పేరుకు ఒకటే ఖానా ఉంటే పట్టాలో భార్య పేరు మాయం. సంవత్సరం సంగతి మరీ అన్యాయం: ఫసలీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది. ఫసలీ 1364 అంటే 1954-55. కలపకుండా ఎక్కిస్తే నిన్నమొన్నటి కాగితం ఆరు వందల ఏళ్ల వెనక్కి పోతుంది.

వెతుకులాట యంత్రాలు కట్టేవాళ్లు కూడా ఈ దెబ్బ తిన్నారు. 2010లో వచ్చిన ఎలాస్టిక్‌సెర్చ్ ఒకే సూచికలో అనేక రకాల రికార్డులకు ఇజాజత్ ఇచ్చింది. కానీ లోపల ఒకే పేరున్న ఖానా అన్ని రకాలకూ ఒకటే. ఒకచోట అంకె, ఇంకోచోట తేదీ అంటే కుదరదు. 2017లో కొత్త సూచికకు ఒకే రకం అన్నారు. 2022 నాటి 8వ వెర్షన్‌లో ఆ ఏర్పాటునే తీసేశారు.

అలాగని కలిపి వెతకడం మానుకోనక్కర్లేదు. ఊరు, పేర్లు, కాగితం రకం, సంవత్సరం అన్నవి అందరికీ ఉమ్మడి ఖానాలు. పేర్ల ఖానాలో ఒకటి కన్నా ఎక్కువ పట్టాలి. ఫసలీని అసల్ రూపంలో ఒకచోట, మార్చిన సంవత్సరం మరోచోట ఉంచాలి. సర్వే నంబరు అడంగల్‌కు, ముఠా సనద్‌కు, అడవి హద్దులు పట్టాకు, దేనిది దానికే. రెండు కాగితాలు ఒకే భూమివని తెలిస్తే ఆ రిష్తా కూడా రాయాలి. అది ఊరివాళ్లు చెప్పాలి, యంత్రం అందాజాగా తేల్చకూడదు.

తెలంగాణలో తాతల నాటి ఉర్దూ పహాణీలు దాచుకున్న కుటుంబాలకు ఈ బాధ కొత్త కాదు. పెట్టెలో కాగితం భద్రంగానే ఉంటుంది. వెతికితే దొరకనప్పుడు మాత్రం దఫ్తర్‌లో ఆ హక్కు లేనట్టే. జి.మాడుగులలో ఒక గిరిజన స్త్రీకి కానూన్ ఇచ్చిన హక్కు, ఫెహ్రిస్త్‌లో ఒక్క ఖానా తక్కువైనందుకు పోకూడదు.