తలరాత, కిస్మత్, భాగహారం

అర్దియాలో ఒక శుక్రవారం సాయంత్రం మేము నలుగురం కూర్చున్నప్పుడు, ఇళ్ళలో పనిచేసే కడప ఆడపడుచు ఒకామె వచ్చి మూడు నెలలుగా జీతం అందలేదని కన్నీరు పెట్టుకుంది. "ఏం చేస్తామమ్మా, తలరాత" అన్నాం. ఆమె వెళ్ళిపోయాక ఆ మాటే మమ్మల్ని పట్టుకుంది.

తలరాత అంటే బ్రహ్మ నుదుట రాసినదని మన పెద్దల నమ్మకం. ఇక్కడివారు "మక్తూబ్" అంటారు. అదీ రాసినదే, కితాబు దాని తోబుట్టువు. అయితే రెండు భాషల్లోనూ మరోరకం మాటలున్నాయి. సంస్కృతం నుంచి వచ్చిన మన భాగ్యానికి మూలం భాగం, అంటే వాటా. పారశీకం, ఉర్దూల గుండా మనకు చేరిన కిస్మత్‌కు మూలం అరబ్బీ "ఖిస్మ", అంటే పంపకం. నసీబు అన్నా వాటాయే. విశేషమేమంటే, అరబ్బీ లెక్కల పుస్తకంలో భాగహారాన్ని నేటికీ ఖిస్మ అనే అంటారు. మన భాగహారంలోనూ ఆ భాగమే ఉంది కదా!

రాతను చెరపలేమంటారు. వాటాను మాత్రం అడిగి తీసుకోవచ్చు.

ఇందుకు కువైట్ చరిత్రే సాక్షి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం ప్రవేశించినప్పుడు ఇంచుమించు 1,70,000 మంది భారతీయులు స్వదేశం చేరారు. చాలామంది అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో వెళ్ళారు. కూడబెట్టినది ఇక్కడే ఉండిపోయింది. రాసిపెట్టి ఉందనుకుని ఊరుకుంటే అంతటితో సరి. కాని 1991లో ఐక్యరాజ్యసమితి నష్టపరిహార సంఘం ఏర్పడింది. ప్రభుత్వాల ద్వారా దరఖాస్తు పెట్టి నెగ్గినవారికి ఇరాక్ చమురు ఆదాయం నుంచి పరిహారం అందింది. 2022లో చెల్లింపులు ముగిసేనాటికి ఆ మొత్తం సుమారు 5,240 కోట్ల డాలర్లు.

ఇక విధి అనే మాట. దానికి దైవనిర్ణయమనీ అర్థం, చేయవలసిన పని అనీ అర్థం. రోజూ ఆఫీసులో విధులకు హాజరయ్యే మనకు ఈ రెండో అర్థం కొత్త కాదు.

ఇంటిపనివారి కోసం కువైట్ 2015లో ప్రత్యేక చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు. వారానికొక సెలవు ఇవ్వాలి. జీతం నెలనెలా చెల్లించాలి. ఇది ఆ చెల్లెలి వాటా. అరబ్బీలో ఫిర్యాదు రాసుకోలేని ఆమెకు ఈ సంగతి చెప్పి, ఆ కాగితం రాయించి ఇవ్వడం మన విధి. ఆనాడు మేము చెప్పలేదు. ఈ శుక్రవారం ఆమె కోసం వెళుతున్నాం.